నాటాల్ వెళ్ళిన ముత్తవ్వ ఏ ఊరి ఆడపడుచు? అపోహలు - వాస్తవాలు

దక్షిణాఫ్రికాలో నాటాల్ ప్రాంతపు రేవు డర్బన్. దాని పరిసరాల్లోని తెలుగు కుటుంబాలు తమ ముత్తవ్వ ఏ ఊరి ఆడపడుచో తెలుసుకోవాలని కోరినప్పుడు, పాత కాగితాల ఆధారంగా ఆ ఊరిని వెతకడం నా వృత్తి. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆనాటి నుంచి 1911లో వలస ఆగిపోయేవరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా, అంటే నిర్ణీత కాలం పనిచేస్తామని ఒప్పుకున్న కూలీలుగా నాటాల్ వెళ్ళారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. వారిలోని స్త్రీల గురించి నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: కూలికి వెళ్ళిన ఆడమనిషి వివరాలు ఎవరు రాసిపెట్టి ఉంటారు?

వాస్తవం: ఊళ్ళోనే ఉండిపోయిన ఆమె అక్కచెల్లెళ్ళ కంటే ఆమె గురించే ఎక్కువ రాతలు మిగిలాయి. కరణం లెక్కల్లో భూమి ఉన్నవారి పేర్లే ఉండేవి కాబట్టి వాటిలో స్త్రీల పేర్లు అరుదు. ఓడ జాబితాలో మాత్రం ఆమెకంటూ ఒక వరుస ఉంటుంది. అందులో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద గుర్తులు రాసి ఉంటాయి. ఒకసారి ఒకే పేరుతో, దగ్గర దగ్గర వయసులతో ముగ్గురు స్త్రీలు కనబడ్డారు. వారిలో ఒకరి వరుసలో ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు ఉన్నట్టు రాసి ఉంది. ఆ మాట చదివి వినిపించగానే, ఆ ఇంటి పెద్దావిడ తన అమ్మమ్మ చేతి మీద తేలు బొమ్మ ఉండేదని, చిన్నప్పుడు దాన్ని వేలితో తడిమేదాన్నని చెప్పి చాలాసేపు మాట్లాడలేకపోయారు.

అపోహ: పేరు తెలిస్తే చాలు, జాబితాలో దొరుకుతుంది.

వాస్తవం: మన పేరును తెలుగు రాని గుమాస్తా చెవికి సోకినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. లక్ష్మి ఒకచోట లచ్చి, మరోచోట లచ్చుమి అయింది. చిట్టెమ్మ చిటమ్మ అయింది. ఇంటిపేరు రాయనే లేదు. అందుకే నేను వెతికేది పేరును కాదు, ఓడ జాబితాలో ఆమెకు ఇచ్చిన వలస నంబరును. పెళ్ళి నమోదులోనూ, పిల్లల పుట్టుక నమోదులోనూ, తోట యజమాని మీద ఆమె చేసుకున్న ఫిర్యాదులోనూ ఆ నంబరు కనబడే అవకాశం ఉంది. ఇంట్లో పాత పెట్టెలు ఉంటే ముందుగా ఆ నంబరున్న కాగితం కోసం చూడండి. అది దొరికాక ఆమె ఒక్క వరుసతో ఆగకుండా, దానికి ముందు పది, వెనుక పది వరుసలు చదవండి. ఒకే ఊరి నుంచి కలిసి బయలుదేరినవారికి తరచుగా వరుస నంబర్లు పడ్డాయి, కాబట్టి ఆమె తమ్ముడో మేనత్తో ఆ పక్క వరుసలోనే ఉండవచ్చు.

అపోహ: మద్రాసులో ఓడ ఎక్కింది కాబట్టి తమిళురాలు, ఇంటిపేరు నాయుడు కాబట్టి తెలుగుది.

వాస్తవం: ఈ రెండూ నిలబడవు. గంజాం నుంచి ఉత్తర ఆర్కాటు వరకు తెలుగువారంతా ఆ రేవుకే వచ్చారు. నాయుడు అన్న పేరు తమిళం మాట్లాడే కుటుంబాల్లోనూ ఉంది. జిల్లా పేరును కూడా ఆనాటి సరిహద్దులతోనే చదవాలి. గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా అని ఉంటే అది ఇవాళ్టి శ్రీకాకుళం ప్రాంతం. దాన్ని ఒడిశాలో వెతికి నెలలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు కాబట్టి, అంతకుముందు వెళ్ళిన చిత్తూరు ఆడపడుచు ఉత్తర ఆర్కాటు కింద ఉంటుంది. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో.

గ్రామం పేరు అర్థం కాని సందర్భాల్లో ఆమె పేరే కొంత దారి చూపుతుంది. పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి, నూకాలమ్మ అంటే అనకాపల్లి, అప్పలనరసమ్మ అంటే సింహాచలం అప్పన్న నాకు ముందుగా గుర్తుకొస్తారు. ఇవి ఆనవాళ్ళే తప్ప రుజువులు కావు.

అపోహ: జాబితాలోని ఊరే ఆమె పుట్టిల్లు.

వాస్తవం: అది అత్తవారి ఊరు కావచ్చు, కూలీలను కుదిర్చే రిక్రూటరు చెప్పించిన ఊరు కావచ్చు. తండ్రి పేరు రాయవలసిన చోట భర్త పేరు రాసిన వరుసలూ నా కంటపడ్డాయి. ఐతే మన ఇళ్ళలో మేనరికాలు ఎక్కువ కాబట్టి, అత్తవారి ఊరు దొరికినా పుట్టింటివాళ్ళు ఆ చుట్టుపక్కలే ఉండే అవకాశం ఉంది.

క్రైస్తవ కుటుంబాలకు మరో ఆధారం ఉంది. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారు నాటాల్ వెళ్ళి కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘాన్ని నెలకొల్పారు. అటువంటి సంఘాల పుస్తకాలను తప్పక అడిగి చూడాలి. డీఎన్‌ఏ పరీక్ష విషయానికి వస్తే, అది దూరపు బంధువులను చూపగలదే గాని ఊరి పేరు చెప్పదు.

అపోహ: ఒంటరిగా ఓడ ఎక్కిన ఆడది మంచిది కాదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధించేది ఈ మాటే. దీనివల్ల కొన్ని ఇళ్ళలో ముత్తవ్వ పేరు ఎత్తడమే మానేశారు. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలన్న నిబంధన చాలాకాలం అమల్లో ఉండడంతో, రిక్రూటర్లు ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా గాలించారు. వారికి దొరికినవారిలో విధవలు, భర్త వదిలేసినవారు, కరువులో తిండి లేక నడిచి వచ్చినవారు ఉన్నారు. ఒప్పందం ముగిశాక నాటాల్‌లోనే ఉండదలచినవారి మీద ఏటా 3 పౌన్ల పన్ను వేసే 1895 నాటి చట్టం స్త్రీలను కూడా వదలలేదు. 1913లో అక్కడి భారతీయులు చేసిన సమ్మెలో ఆ పన్నును ఎదిరించి జైలుకు వెళ్ళినవారిలో ఆడవాళ్ళూ ఉన్నారు. నేను తయారుచేసే వంశవృక్షంలో అటువంటి స్త్రీ పక్కన భర్త గడికి ఆధారం దొరకకపోతే దాన్ని ఖాళీగానే ఉంచుతాను. ఎవరి పేరైనా రాసి పరువు నిలపమని కుటుంబసభ్యులు కోరినా, ఊహించి నింపను. ఆమె పేరును, నంబరును మాత్రం పైన పెద్ద అక్షరాలతో రాస్తాను.