దున్నడమే ఎరువైన నేల

చిరంజీవులకు ఆశీస్సులు.

పీట్ నేలల్లో సేంద్రియ పద్ధతిలో ధాన్యం ఎలా పండిస్తారని అడిగారు. మామూలు పొలంలో దుక్కి వేరు, ఎరువు వేరు. పీట్ నేలలో మాత్రం దున్నితే సగం ఎరువు వేసినట్లే. పేచీ కూడా అక్కడే ఉంది.

నీరు నిలిచిన చోట నాచు, గడ్డి గాలి అందక పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోతే పీట్ అవుతుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్పే. అంతగా కుళ్లని పీట్‌ను పిడికెడు తీసి నలిపితే నాచు పోగులు వేళ్లకు తగులుతాయి. కాలువలు తవ్వి నీరు తీసేసి దున్నగానే గాలి చొరబడి, సూక్ష్మజీవులు ఆ పోగులను తినేస్తాయి. వాటిలోని నత్రజని పైరుకు అందుతుంది, కర్బనం బొగ్గుపులుసు వాయువై పోతుంది, నేల కుంగుతుంది. ఇంగ్లండ్‌లోని హోమ్ ఫెన్ అనే పీట్ నేలలో 1850ల తొలినాళ్లలో నేలమట్టానికి పాతిన ఇనుప స్తంభం ఇప్పుడు సుమారు 4 మీటర్లు బయటికి కనిపిస్తోంది. స్తంభం మాత్రం ఉన్నచోటే ఉంది!

అయితే దున్నకుండా వదిలేయవచ్చు కదా అంటారు. సేంద్రియ సాగులో రసాయన కలుపు మందులు నిషిద్ధం. నత్రజని తిన్న కలుపు పైరుకంటే ఏపుగా లేస్తుంది కాబట్టి ఎంతో కొంత దున్నక తప్పదు. పైపైన దున్ని, విత్తాక రోలర్‌తో బాగా అదమాలి. గుల్లగా ఎండిన పీట్ మళ్లీ నీరు పీల్చుకోవడానికి మొరాయిస్తుంది. ఒక మాట మాత్రం దాచను. పైదుక్కితో నేల కుంగడం ఆగదు. కాలువల్లో నీటిమట్టం ఎంత ఎత్తున నిలుపుతారన్నదే అసలు లెక్క.

ఇక ఎరువులు. నత్రజని మోతాదు మించితే కాడ మెత్తబడి పైరు పడిపోతుంది. కొరత ఎక్కువగా పొటాష్, భాస్వరం, రాగి (పంట కాదు, లోహం) విషయంలోనే. పట్టి ఉంచే బంకమట్టి లేక పొటాష్ వాననీటితో దిగిపోతుంది. రాగి చాలకపోతే ఆకు కొనలు తెల్లబడి మెలితిరుగుతాయి. దూరానికి కంకులు నిటారుగా, దివ్యంగా ఉంటాయి. ఒకటి తుంచి నలిపితే అరచేతిలో తాలు తప్ప గింజ ఉండదు. మట్టి పరీక్షలో కొరత తేలితే రాగి వేసుకోవడానికి చాలా సేంద్రియ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. పశువుల ఎరువును ఇక్కడ నత్రజని కోసం కాదు, పొటాష్ కోసం లెక్కగట్టి వేయాలి. గోధుమ, ఓట్స్ రాగి కొరతకు త్వరగా లొంగుతాయి. గోధుమ లాంటిదే మరో ధాన్యం రై బాగానే తట్టుకుంటుంది, అలాంటి పొలానికి నేనైతే దానినే ఎంచుకుంటాను.

మీ తాతయ్య