పాత బోటు ఇంజన్‌లో పొగ: ఏ రంగు అన్నది సరే, ఎప్పుడొస్తోంది?

ఒడిశాలోని గంజాం తీరంలో గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్ ఒడ్డున మన తెలుగు వేటగాళ్లు నడిపే డీజిల్ ఇంజన్లలో పాతవి తక్కువేం కాదు. వాటిలో ఏదైనా పొగ కక్కితే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాట ఒకటే: "రింగులు పోయాయి, హెడ్డు విప్పాలి." సిలిండర్ల పై మూత, అంటే హెడ్డు విప్పాక పిస్టన్ రింగులు బాగానే ఉన్నాయని తేలడం, గాస్కెట్ ఖర్చు, నాలుగు రోజుల వేట పోవడం కూడా మామూలే. హెడ్డు మీద స్పానర్ పెట్టకముందే తేల్చుకోగల సంగతులు చాలా ఉన్నాయి.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని పదహారు నుంచి ఇరవై రెట్లు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి ఇంజెక్టర్ నాజిల్ చిమ్మిన డీజిల్ తుంపర దానంతటదే అంటుకుంటుంది. సరిపడా గాలి, సన్నని తుంపర, సరైన క్షణం: ఈ మూడిట్లో ఏది తప్పినా పొగే. సగం కాలితే నలుపు, కాలకుండానే బయటికొస్తే తెలుపు, ఇంజన్ అడుగున సంపులోని ఆయిల్ కాలితే నీలం. ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే ఒక్కో రంగుకి అరడజను కారణాలుంటాయి. వాటిని విడదీసేది పొగ వచ్చే వేళే. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? న్యూట్రల్‌లోనా, గేరు వేసి లోడు మీదా?

న్యూట్రల్‌లో రేసు ఇస్తే శుభ్రంగా ఉండి, గేరు వేసి ఫుల్లు తొక్కితేనే నల్లపొగ వస్తుంటే ముందు ఇంజన్ బయట చూడండి. లీటరు డీజిల్ కాలడానికి లెక్క ప్రకారమే 12 కిలోల గాలి, అంటే పది ఘనమీటర్ల పైచిలుకు కావాలి. పొగ లేకుండా కాలాలంటే ఇంకో పాతిక శాతం వేసుకోండి. గంటకి పది లీటర్లు తాగే ఇంజన్‌కి 130 ఘనమీటర్లు! వానకని ఇంజన్ పెట్టె మీద టార్పాలిన్ బిగించి, గాలి రంధ్రాల మీద వలలు కుప్ప వేస్తే అంత గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? పెట్టె మూత తీసి అదే స్పీడులో నడపండి. పొగ తగ్గితే జబ్బు దొరికినట్టే. తగ్గకపోతే ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత మసి పట్టి గొంతు సన్నబడ్డ సైలెన్సర్ చూడాలి.

గాలి బాగుంటే లోడు సంగతి. ప్రొపెల్లర్‌కి నైలాన్ దారం చుట్టుకుందా, అడుగున గుల్లలు పట్టాయా, రిపేరులో పెద్ద ప్రొపెల్లర్ వేశారా? ప్రొపెల్లర్ తినే పవరు స్పీడుకి ఘనం లెక్కన పెరుగుతుంది. అందుకే సగం స్పీడులో ఏమీ తెలియదు, చివర్లో ఇంజన్ చతికిలబడుతుంది. ఫుల్లు రేసులో ఇంజన్ ప్లేటు మీద రాసిన ఆర్‌పీఎం అందుకోలేకపోతే లోడుని అనుమానించాలి. ఆ లోటు పూడ్చడానికి డీజిల్ పంపు సీలు తెంచి డీజిల్ స్క్రూ తిప్పడం మాత్రం వద్దు. కాలని డీజిల్‌కి ఇంకొంత జతవుతుంది, పిస్టన్ తల కాలిపోతుంది.

తెల్లపొగ స్టార్టు చేసిన రెండు మూడు నిమిషాలు వస్తే ఫర్వాలేదు. ఎంత నడిపినా పోకపోతే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలింగ్ నీళ్లని ఆపే వాల్వు) ఉందో లేదో చూడండి. "సముద్రం మీద వేడెందుకు" అని దాన్ని పీకి పారేసే అలవాటు ఉంది. చల్లటి సిలిండర్లో డీజిల్ సరిగా అంటుకోదు, సిలిండర్ లోపలి లైనర్ గోడలు నున్నగా గాజులా తయారవుతాయి. ఇవాళ తెల్లపొగ, ఏడాదికి నీలం పొగ. పంపు విప్పి బిగించిన తర్వాతే తెల్లపొగ మొదలైతే డీజిల్ చిమ్మే టైమింగ్ గేరులో ఒక పన్ను వెనక పడిందేమో చూడాలి.

నాలుగు సిలిండర్ల పాత పంపు ఇంజన్ అయితే ఏ సిలిండర్ దోషో ఇలా తేలుతుంది: ఐడిల్‌లో ఉంచి, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టుని గుడ్డ చుట్టి అరచుట్టు వదులు చేయాలి. మంచి సిలిండర్ అయితే ఇంజన్ తడబడుతుంది. తడబాటు లేకుండా పొగ మాత్రం తగ్గితే అదే. చేయి అడ్డం పెట్టకూడదు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. కామన్ రైలు ఇంజన్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందే కొత్త రకం) మీద ఈ పని అసలు చేయకూడదు. దోషం తేలిన సిలిండర్ నాజిల్‌ని బరంపురం తీసుకెళ్లి టెస్టు పంపు మీద పెట్టించండి. తెరుచుకునే ఒత్తిడికి 20 బార్ తక్కువలో పది సెకన్లు పట్టి ఉంచితే మొనన చుక్క వేలాడకూడదు.

వేడెక్కాక కూడా వచ్చే తెలుపు, కళ్లు మండించకుండా గాల్లో ఇట్టే కలిసిపోతే అది ఆవిరి. కూలింగ్ నీళ్లు తగ్గుతున్నాయా, ఆయిల్ మజ్జిగలా ఉందా? అయితే మళ్లీ స్టార్టు కొట్టొద్దు. సిలిండర్లో చేరిన నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజెక్టర్లు తీసి ఫ్లైవీల్ చేత్తో తిప్పాలి.

నీలం పొగ దగ్గర ఒడ్డు మీది తప్పు ఒకటుంది. ఇసుక మీదికి లాగిన బోటు ఒరిగి ఉంటుంది, ఆయిల్ కడ్డీ తక్కువ చూపిస్తుంది. లీటరు పోస్తారు. నీళ్లలోకి దిగాక సంపు నిండి, క్రాంక్ ఆయిల్‌ని చిలుకుతుంది, నీలం పొగ మొదలు. ఎంత ఉందో నీళ్ల మీద, ఇంజన్ ఆపిన పది నిమిషాలకి చూడాలి. అది సరిగ్గా ఉండీ, కాసేపు ఆగి స్టార్టు చేస్తేనే నీలం ఒక్క గుప్పు వస్తే వాల్వు గైడ్లు. లోడు మీద ఆగకుండా వస్తే అప్పుడు రింగులు, లైనరు. కంప్రెషన్ కొలిచి, తక్కువున్న సిలిండర్లో ఒక్క చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఆయిలే వేసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. చెంచా కంటే ఎక్కువ పోస్తే మళ్లీ నీళ్ల కథే, రాడ్ వంగుతుంది.

రంగు విషయంలో వాదన తెగకపోతే పొగ గొట్టానికి జానెడు దూరంలో తెల్లటి అట్టముక్క అర నిమిషం పట్టండి. పొడి మసి అంటితే గాలి, లోడు. తడి మచ్చ పడితే ఎండలో పెట్టండి: నీళ్లయితే ఆరిపోతాయి, డీజిలైతే వాసన పట్టిస్తుంది, ఆయిల్ మర్నాడు కూడా మెరుస్తూనే ఉంటుంది. అట్ట వెనక తేదీ, ఆర్‌పీఎం రాసి టూల్స్ పెట్టెలో పడేయండి, వచ్చేసారి పక్కన పెట్టి పోల్చడానికి.