మనిషిని చూసి పని వెతికిన ఊళ్లు

1931–32 మధ్య, ఆస్ట్రియా రాజధాని వియన్నాకు కొద్ది దూరంలోని మారియన్‌టాల్ అనే మిల్లు ఊళ్లో కొందరు యువ పరిశోధకులు కిటికీ చాటున గడియారం పట్టుకుని కూర్చున్నారు. వీధిలో వెళ్లేవాళ్లు ఎంత వేగంగా నడుస్తున్నారో, ఎన్నిసార్లు ఆగుతున్నారో రాసుకోవడం వాళ్ల పని. ఆడవాళ్లు గబగబా నడిచిపోయారు. వంట, ఉతుకు, పిల్లలు, కుట్టుపని ఇంట్లో వాళ్లకోసం కాచుకుని ఉన్నాయి. మగవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఆ చిన్న వీధి దాటేలోపు కనీసం రెండుసార్లు ఆగారు. ఎక్కడా ఆగకుండా నడిచింది పదిమందిలో ఒక్కరే. మిగతావాళ్లకు వెళ్లాల్సిన చోటు లేదు, అందుకోవాల్సిన వేళ లేదు.

ఆ ఊరి బట్టల మిల్లు 1929 వేసవిలో ఒక్కో విభాగంగా మూతపడటం మొదలై, 1930 ఫిబ్రవరికల్లా పూర్తిగా ఆగిపోయింది. మిల్లు చుట్టూ పుట్టి, మిల్లు కూతతో లేచి, మిల్లు జీతంతో బతికిన ఊరది. పరిశోధకులు వెళ్లేనాటికి 478 కుటుంబాల్లో నాలుగింట మూడొంతులకు పైగా ఇళ్లలో ఉద్యోగానికి వెళ్లే మనిషి ఒక్కరూ లేరు. మన దగ్గర వరంగల్ ఆజంజాహీ మిల్లు చుట్టుపక్కల పెరిగినవాళ్లకూ, 2014లో యంత్రాలు ఆగి 2018లో మళ్లీ తిరిగేదాకా సిర్పూర్ పేపర్ మిల్లు వైపు చూస్తూ గడిపిన కాగజ్‌నగర్ కార్మికులకూ ఈ దృశ్యం కొత్త కాదు.

ఇవాళ దీర్ఘకాల నిరుద్యోగుల కోసం ఊరూ ప్రభుత్వమూ కలిసి పని కల్పించేలా యూరప్‌లో నడుస్తున్న భాగస్వామ్యాల గురించి ఎవరు రాసినా మారియన్‌టాల్ దగ్గరే మొదలుపెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. పని పోవడం వల్ల మనిషి లోపల ఏం తెగిపోతుందో దగ్గరగా చూసి రాసిన తొలి అధ్యయనాల్లో అది ముఖ్యమైనది. ఆ పుస్తకంలో ముఖ్య భాగం రాసిన మేరీ యహోదాకు అప్పుడు పాతికేళ్లు. పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ త్సైజెల్ ఆమెతో కలిసి పనిచేశారు. పని పోయినవాళ్లు తిరగబడతారని ఆ రోజుల్లో చాలామంది అనుకునేవారు. ఆ ఊళ్లో పరిశోధకులకు ఎక్కువగా కనబడింది నీరసం. గ్రంథాలయంలో చదువుకునేందుకు రుసుము ఎత్తేసినా, చేతినిండా తీరిక ఉన్నా, పుస్తకాలు తీసుకెళ్లడం రెండేళ్లలో సుమారు సగానికి పడిపోయింది. గంట గంటకూ ఏం చేశారో రాసివ్వమంటే మగవాళ్ల కాగితాల్లో గడులు నిండలేదు. పొద్దున్న లేవడానికీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య ఏం జరిగిందో చెప్పలేక, ఈలోగా మధ్యాహ్నం అవుతుందని రాసి ఊరుకున్న మనిషి ఉన్నాడు.

నిబంధనలు ఈ నీరసాన్ని ఇంకా పెంచాయి. భృతి తీసుకునేవాళ్లు ఏ చిన్న పనికి డబ్బు పుచ్చుకున్నా భృతి పోయేది. హార్మోనికా వాయించి నాలుగు చిల్లర నాణేలు సంపాదించుకున్నవాడికి కూడా అదే శిక్ష పడింది. ఆ తరువాతి తొంభై ఏళ్ల విధానాల చరిత్రలో ఈ తప్పు రకరకాల వేషాల్లో కనిపిస్తూనే ఉంటుంది. పని లేనందుకు డబ్బు ఇస్తారు, ఆ డబ్బుతోనే పని కల్పించడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు.

ఊరికే చూసిపోవడానికి ఎవరూ ఆ ఊళ్లో అడుగుపెట్టకూడదని పరిశోధకుల బృందం ముందే ఒక నియమం పెట్టుకుంది. ప్రతి ఒక్కరూ ఊరికి పనికొచ్చేది ఏదో ఒకటి చేయాలి. వియన్నాలో సుమారు 200 బట్టలు పోగుచేసి తెచ్చి పంచారు. కుట్టుపని తరగతి పెట్టారు, వైద్యులను రప్పించి రోగులను చూపించారు. ఆ బట్టలు ఇచ్చే వంకతోనే ఇంటింటికీ వెళ్లి, కూర్చుని, మాట్లాడారు. గణాంకాల కాగితం వెనుక మనిషిని చూడాలంటే గడప తొక్కాల్సిందేనన్న ఈ పద్ధతి తరువాతి కథలో మళ్లీ ఎదురవుతుంది.

యహోదా 1936లో అరెస్టయి, మరుసటి ఏడాది దేశం విడిచి ఇంగ్లండ్ చేరారు. అక్కడే దశాబ్దాల తరువాత తన వాదనకు స్పష్టమైన రూపం ఇచ్చారు. ఉద్యోగం జీతంతో పాటు మరో అయిదు ఇస్తుందన్నారు: రోజుకు ఒక క్రమం, ఇంటి బయట మనుషులతో కలయిక, నలుగురితో కలిసి సాధించే లక్ష్యం, సమాజంలో గుర్తింపు, చేతికీ బుద్ధికీ వ్యాపకం. భృతి జీతాన్ని కొంత భర్తీ చేస్తుంది. మిగతా అయిదింటినీ బ్యాంకు ఖాతాలో వేయలేం.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పశ్చిమ యూరప్‌లో ముప్పై ఏళ్ల పాటు పని దొరకడం పెద్ద కష్టం కాలేదు. 1970ల చమురు సంక్షోభంతో పాటు గనులు, ఉక్కు, నేత పరిశ్రమలు కూలుతూ వచ్చాక పాత సమస్య కొత్తగా తలెత్తింది. ఏడాది దాటి పని లేకపోతే దాన్ని దీర్ఘకాల నిరుద్యోగం అంటారు. ఆ ఏడాదే పెద్ద గోడ. దరఖాస్తులో ఖాళీ కనబడగానే యజమాని పక్కన పెడతాడు. పక్కన పెట్టిన కొద్దీ ఖాళీ పెరుగుతుంది. ప్రభుత్వాలు దీనికి శిక్షణను మందుగా ఎంచుకున్నాయి. ఒక కోర్సు, ఆ తరువాత ఇంకో కోర్సు, మధ్యలో ఆర్నెల్ల కాంట్రాక్టు, అది ముగియగానే మళ్లీ అదే కార్యాలయంలో అదే వరుస. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ వయసు దాటిపోయిన మన తరం వాళ్లకు ఆ వరుస ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఈ చక్రం నుంచి బయటపడే దారి ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊళ్లో కనబడింది. 1990ల మధ్యలో పశ్చిమ ఫ్రాన్స్‌లోని సేష్-సుర్-లె-ల్వార్ అనే ఊళ్లో పాత్రిక్ వలంతాన్ అనే సామాజిక వ్యాపారవేత్త ఒక లెక్క వేశారు. ఊళ్లో పని లేనివాళ్లు ఎవరు, వాళ్లకు ఏం చేతనవును, ఊళ్లో ఎవరూ చేయక మిగిలిపోయిన పనులేమిటి అని చూస్తే రెండు జాబితాలూ ఒకదానికొకటి సరిపోయేలా ఉన్నాయి. అక్కడే పని ఆగిపోయింది. నిరుద్యోగం మీద ఖర్చయ్యే డబ్బును జీతంగా మార్చడానికి చట్టం అనుమతించలేదు.

ఆలోచన చావలేదు. 1957లో పారిస్ శివార్లలోని మురికివాడలో జోసెఫ్ వ్రెసిన్‌స్కీ అనే మతగురువు ప్రారంభించిన ఏటీడీ కార్ మోంద్ అనే సంస్థ ఆ ఆలోచనను 2010 తరువాత భుజానికెత్తుకుంది. కడు పేదలను ఏ పథకం రూపకల్పనలోనైనా భాగస్వాములను చేయాలన్నది ఆ సంస్థ మొదటి నుంచీ పట్టుకున్న మాట. వాళ్ల వాదన మూడు మాటల మీద నిలబడింది. పనికిరాని మనిషంటూ ఎవరూ లేరు. చేయాల్సిన పనికి కొదవ లేదు. డబ్బుకూ కొదవ లేదు, ఎందుకంటే భృతులు, వైద్యం, రాని పన్నులు కలిపితే ఒక్కో దీర్ఘకాల నిరుద్యోగి వల్ల ప్రజాధనానికి ఏటా 15 వేల నుంచి 20 వేల యూరోల భారం పడుతుందని వాళ్లు అంచనా వేశారు. పార్లమెంటు సభ్యుడు లొరాన్ గ్రాంగియోమ్ బిల్లు తెచ్చారు. దిగువ సభలో పార్టీలకు అతీతంగా అందరూ మద్దతిచ్చారు. 2016 ఫిబ్రవరి 29న చట్టమైంది. ప్రయోగానికి పది ప్రాంతాలను ఎంపిక చేశారు. నిధిని పర్యవేక్షించే సంఘానికి ఫ్రెంచి రైల్వేను, ఎయిర్‌బస్‌ను నడిపిన లూయీ గల్వా అధ్యక్షుడయ్యారు.

ఆ పదింటిలో కొలొంబెల్ ఒకటి. నార్మండీలోని ఈ ఊరు పెద్ద ఉక్కు కర్మాగారం మీద బతికింది. 1993 నవంబరులో కర్మాగారం మూతపడింది. దాని శీతలీకరణ గోపురం ఇప్పటికీ ఊరికి గుర్తుగా నిలబడి ఉంది. కత్తుల తయారీకి పేరుపడ్డ తియెర్, పల్లెటూరి వాతావరణం వదలని పిప్రియాక్, మహానగరం పారిస్‌లో 13వ వార్డులోని ఒక ముక్క కూడా ఆ పదింటిలో ఉన్నాయి.

భాగస్వామ్యం అన్న మాటకు ఇక్కడ నిజమైన అర్థం ఉంది. ముందు ఊళ్లో ఒక కమిటీ ఏర్పడుతుంది. మేయరు, ఉపాధి కార్యాలయం, స్థానిక వ్యాపారులు, స్వచ్ఛంద సంస్థలు, నిరుద్యోగులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఏడాదికి పైగా పని లేకుండా, కనీసం ఆర్నెల్లుగా ఆ ఊళ్లో ఉంటున్న ప్రతి మనిషినీ వెతికి కలుస్తారు. మూడు ప్రశ్నలు అడుగుతారు: మీకు ఏం చేతనవును? ఏం చేయాలనుంది? ఏం నేర్చుకోవాలనుంది? జవాబులు రాసుకున్నాకే పని వెతుకుతారు. ఎవరినీ బలవంతపెట్టరు. వారానికి ఎన్ని గంటలు చేయగలరో వాళ్లే చెప్పుకోవచ్చు. ఇందుకోసమే నెలకొల్పిన సంస్థలో కనీస వేతనంతో, గడువు లేని శాశ్వత ఉద్యోగం ఇస్తారు. జీతంలో పెద్ద వాటా ప్రభుత్వం నుంచి వస్తుంది, మిగతాది సంస్థ తన సరుకులూ సేవలూ అమ్మి రాబట్టుకోవాలి.

ఈ మూడు ప్రశ్నలు తేలిగ్గా కనిపిస్తాయి. ఇరవై ఏళ్లుగా ‘నీకేం అర్హత ఉంది’ అన్న ప్రశ్న తప్ప వినని మనిషిని ‘నీకేం చేయాలనుంది’ అని అడిగితే వెంటనే మాట రాదు. కమిటీలు ఒక్కో మనిషిని మళ్లీ మళ్లీ కలుస్తూ, సంస్థ తెరిచేలోపు నెలలూ సంవత్సరాలూ వెచ్చించేది అందుకే. ఆ ఓపికను నేను ఈ ప్రయోగంలోని అసలు పెట్టుబడిగా చూస్తాను.

ఏ పనులు దొరికాయంటే, ఊరికి కావాల్సి ఉండీ లాభం లేక ఎవరూ ముట్టుకోనివి. వాడిన వస్తువులు బాగుచేసి అమ్మే దుకాణం, పొయ్యి కట్టెలు కొట్టివ్వడం, ఒంటరి వృద్ధులకు సరుకులు తెచ్చిపెట్టడం, కూరగాయల సాగు, పాత బట్టలను మళ్లీ వాడకంలోకి తేవడం. ఊళ్లో ఇప్పటికే ఆ పని చేస్తున్న తోటమాలి, వడ్రంగి కడుపు కొట్టకూడదన్నది గట్టి షరతు. ఫలానా పని మొదలుపెట్టవచ్చా అన్నది ఆ వ్యాపారులు కూర్చున్న కమిటీలోనే తేలాలి.

అంతా సాఫీగా సాగలేదు. 2017లో తెరిచిన తొలి సంస్థలు కొద్ది నెలల్లోనే పదుల మందిని చేర్చుకున్నాయి. చేయించడానికి పని చాలక, నడిపించే అనుభవం చాలక, చేరినవాళ్లు ఖాళీగా కూర్చున్న రోజులు ఉన్నాయి. పని కోసం ఏళ్లు ఎదురుచూసి వచ్చి అక్కడా ఖాళీగా కూర్చోవడం కన్నా పెద్ద అవమానం ఉండదు. 2019లో ప్రభుత్వ తనిఖీ విభాగాలు ఇచ్చిన నివేదికలు, ఆదా అవుతుందన్నంత డబ్బు ఆదా కావడం లేదన్నాయి. అయినా 2020 డిసెంబరులో రెండో చట్టం వచ్చి మరో 50 ప్రాంతాలకైనా దారి తెరిచింది. జిల్లా పాలక మండళ్లు కూడా తమ వాటా ఇవ్వాలని నిర్దేశించింది. ఖర్చు మీద తగువు మాత్రం ఇప్పటికీ తెగలేదు. ఈ ఉద్యోగం మామూలు ఉద్యోగానికి మెట్టు కావాలని ఖజానా లెక్కలు చూసేవాళ్లు అంటారు. యాభై అయిదేళ్ల వయసులో, పాడైన నడుముతో చేరిన మనిషికి ఇదే గమ్యం అయితే తప్పేమిటని ఊళ్లవాళ్లు అడుగుతారు. నేను రెండో పక్షాన ఉన్నాను. మెట్టు అన్న పేరుతో ఆర్నెల్లకోసారి కిందికి దింపేయడమే కదా ఇంతకాలం జరిగింది.

మన నేల మీద పని హక్కు ఇంకో దారిలో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు, అడిగిన కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని చట్టబద్ధమైంది. కరువు సీమకు అది ఎంత ఊపిరి పోసిందో చూసినవాళ్లకు తెలుసు. అయితే అది పల్లెలకే పరిమితమైంది, అదీ ఎక్కువగా మట్టిపనికే. మిల్లు మూసేస్తే వీధిన పడ్డ ఫిట్టరుకూ, నలభై దాటిన గుమస్తాకూ అందులో చోటు దొరకలేదు.

2020 అక్టోబరులో కథ మళ్లీ మొదటి ఊరికే వచ్చింది. మారియన్‌టాల్ ఇప్పుడు గ్రామట్‌నోయ్‌సీడ్ల్ పురపాలికలో భాగం. దిగువ ఆస్ట్రియా అనే రాష్ట్రపు ఉపాధి సేవల సంస్థ అక్కడ ఏడాదిగా పని లేని ప్రతి ఒక్కరికీ ఉద్యోగం హామీ ఇచ్చింది. ముందు రెండు నెలల సన్నాహక శిక్షణ, తరువాత సబ్సిడీతో ప్రైవేటు ఉద్యోగం, అది కుదరకపోతే అక్కడే వడ్రంగం, తోటపని, మరమ్మతుల వంటి పనుల్లో జీతం. ఇక్కడా బలవంతం లేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 62 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును కొన్ని నెలలు ముందుగా చేర్చి పోల్చి చూశారు. వియన్నా విశ్వవిద్యాలయం నుంచి మరో బృందం మనుషులతో మాట్లాడుతూ వచ్చింది. ఒక్కో మనిషికి ఏటా పథకానికయ్యే ఖర్చు, నిరుద్యోగిగా ఉంచితే అయ్యే ఖర్చు రెండూ 30 వేల యూరోల దగ్గరే ఉన్నాయని ఉపాధి సంస్థ చెప్పింది.

పోలికలో శారీరక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆదాయం, భద్రత పెరిగాయి. నలుగురితో కలయిక, ఊళ్లో గుర్తింపు, రోజుకు ఒక క్రమం తిరిగి వచ్చాయి. అవి తొంభై ఏళ్ల క్రితం అదే ఊళ్లో పోయాయని యహోదా రాసుకున్నవే. 2024 వసంతంలో పథకం గడువు ముగిసింది.