ఆడుకునే బొమ్మ మీద రంగు నిలవాలంటే

చిరంజీవులు అర్ణవ్‌కు, సాహితికి తాతయ్య ఆశీస్సులు.

అర్ణవ్, నువ్వు రంగు వేసిన ఆట బొమ్మల ఫొటోలను పెద్దవి చేసి చూశాను. రౌతు కత్తి మొన, భుజకవచం అంచు, గుర్రం చెవులు, ఈ మూడు చోట్లా రంగు పోయి, రంగు కింద మొదటి పూతగా వేసే బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. మిగతా బొమ్మంతా చెక్కుచెదరలేదు. "వార్నిష్ వేశాను కదా తాతయ్యా, మరి ఎందుకు పోయింది?" అని అడిగావు. సాహితి బొమ్మల తీరు వేరు. అక్కడ రంగు అరగలేదు. పొరలు పొరలుగా లేచి, కింద బొమ్మను చేసిన ఉత్త రెజిన్ ప్లాస్టిక్ కనిపిస్తోంది. మీరిద్దరూ గట్టి వార్నిష్ ఏదో చెప్పమన్నారు. పేరు చెప్పడం తేలికే. కానీ సాహితికి ఏ వార్నిషూ పనికిరాదు, అర్ణవ్‌కు ఇప్పుడున్నదే చాలు.

రంగుల కర్మాగారం ప్రయోగశాలలో పనిచేసినన్నాళ్లూ, రంగు పోయిందని ఎవరు ఏ వస్తువు తెచ్చినా మేము మొదట చూసేది ఒక్కటే: పోయిన చోట కింద ఏముంది? ప్రైమర్ కనిపిస్తే పైపొర అరిగిందన్నమాట. ప్రైమర్ కూడా లేచిపోయి అసలు వస్తువే కనిపిస్తే, మొదటి పూత దాన్ని పట్టుకోనే లేదన్నమాట. అలాంటి పూత మీద వార్నిష్ వేసేకొద్దీ పొర మందమవుతుంది, చిన్న పెచ్చు ఊడాల్సిన చోట పెద్ద పెచ్చు ఊడుతుంది.

సాహితీ, నీ బొమ్మలు త్రీడీ ప్రింటర్‌లో రెజిన్‌తో చేసినవి. ప్రింటర్ నుంచి తీసినప్పుడు వాటి ఒంటికి గట్టిపడని రెజిన్ జిగటగా అంటుకుని ఉంటుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, పూర్తిగా ఆరాక, అతినీలలోహిత దీపం కింద గట్టిపరచాలి. మడతల్లో, చంకల్లో, అంగీ కింద కాస్త జిగట మిగిలినా అక్కడ ప్రైమర్ నిలవదు. నీ ఫొటోల్లో పొర లేచింది సరిగ్గా అలాంటి చోట్లే. ఈ కడిగే పని మాత్రం నాన్న చేతే చేయించు, చేతికి తొడుగులు ఉండాలి. పచ్చి రెజిన్ చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ వస్తుంది, ఒకసారి వస్తే అంత తేలికగా పోదు.

అచ్చులో పోసిన రెజిన్ బొమ్మలకు ఇంకో చిక్కు ఉంది. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి లోపల రాసే జారుడు పదార్థం బొమ్మకు అంటుకుని వస్తుంది. దేన్నీ అంటనివ్వకపోవడమే దాని పని, నీ రంగును కూడా అంటనివ్వదు. లోహపు బొమ్మలకు చేతి జిడ్డు ఉంటుంది. వీటన్నిటికీ కావలసింది గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు, ఒక పాత టూత్‌బ్రష్. మెల్లగా తోమి, మంచినీళ్లతో కడిగి, రాత్రంతా ఆరబెట్టు. వేడినీళ్లు వద్దు, సన్నని కత్తులూ బల్లాలూ వంగిపోతాయి. మెత్తని పీవీసీ బొమ్మలు కొన్నప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థాలకూ కొన్ని స్ప్రే ప్రైమర్లకూ పడదు, పూత వారాల తరబడి జిగురుగానే ఉండిపోతుంది. వాటికి కుంచెతో వేసే నీటి ప్రైమర్ మేలు.

అర్ణవ్, నీకీ బాధ తక్కువ. మీ నాటింగ్‌హామ్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లు 1983లో వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధపు ఆట మొదలుపెట్టినప్పుడు బొమ్మలు చాలావరకు లోహంతో పోసినవే. ఇప్పుడు నువ్వు కొంటున్నవి గట్టి పాలీస్టైరీన్. రంగు బాగా పట్టే ప్లాస్టిక్ అది.

ప్రైమర్ స్ప్రే చేసేటప్పుడు డబ్బాకూ బొమ్మకూ మధ్య 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి. బొమ్మకు ఈవలే మొదలుపెట్టి, బొమ్మను దాటాకే ఆపాలి. ఒక్కసారి తడిసేలా కొట్టడం కంటే పల్చగా రెండుసార్లు కొట్టడం నయం. ఇదంతా డబ్బా మీదే రాసి ఉంటుంది. రాసి ఉండనిది వాతావరణం సంగతి. ప్రైమర్‌ను పల్చగా ఉంచే ద్రావకం ఆవిరవుతూ బొమ్మ వేడిని లాగేసుకుంటుంది. చల్లబడిన ఆ ఉపరితలం మీద గాలిలోని తేమ చేరుతుంది. పూత పాలిపోయి, బలహీనంగా తయారవుతుంది. కాకినాడలో ఎండ రాకముందే వేస్తే మంచిదని నీకు అనిపిస్తుంది సాహితీ, కానీ గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే. అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం కూడా వద్దు. తుంపర బొమ్మను చేరకముందే గాలిలో ఆరిపోయి పొడిలా పడుతుంది, ఉపరితలం గరుకుగా ఉండి వేలికి రాలుతుంది. చలికాలంలో పొద్దు వాలే ముందు గంటలు బాగుంటాయి. వానాకాలమంతా డబ్బా పక్కన పెట్టి కుంచె పట్టుకో. అర్ణవ్, మీ చలికి డబ్బాను గదిలోనే ఉంచు. హీటర్ దగ్గర మాత్రం ఎప్పుడూ పెట్టకు, పేలుతుంది.

ఇక రంగు. మీరు వాడే యాక్రిలిక్ రంగులో నీళ్లలో తేలే అతి చిన్న ప్లాస్టిక్ రేణువులు ఉంటాయి. నీళ్లు పోయేకొద్దీ అవి దగ్గరకు జరిగి, ఒకదానిలో ఒకటి కలిసి, ఒకే పొరగా మారతాయి. వేలికి అంటకపోవడం అనేది కొద్ది నిమిషాల్లో జరుగుతుంది. పొర గట్టిపడటానికి రోజులు పడుతుంది, చలిలో ఇంకా ఎక్కువ. ఆరిందని మీరు అనుకునే సమయానికీ అది నిజంగా గట్టిపడే సమయానికీ మధ్యనే బొమ్మలు ఎక్కువగా పాడవుతాయి. శనివారం ఆట ఉందని శుక్రవారం రాత్రి రంగు వేసి, పొద్దున్నే ఫోమ్ పెట్టెలో దూర్చడం నాకు అసలు నచ్చదు. రంగుకూ వార్నిష్‌కూ మధ్య ఒక రోజు, వార్నిష్‌కూ ఆటకూ మధ్య వారం రోజులు ఇవ్వండి.

ఇంకో మాట. రంగు పల్చబడాలని నీళ్లు కలుపుతూ పోతే, రంగు పొడిని పట్టి ఉంచే బంధకం కూడా పల్చబడుతుంది. ఆ పూత సున్నంలా చేతికి అంటుతుంది. బాగా పల్చన కావాలంటే యాక్రిలిక్ మీడియం కలపండి. అదీ ఆ బంధకమే, రంగు లేనిది.

ఇప్పుడు నీ కత్తి మొన, అర్ణవ్. ద్రవానికి తలతన్యత ఉంటుందని, అంటే దాని పైపొర ఎప్పుడూ దగ్గరకు లాక్కుంటుందని బడిలో చదివే ఉంటావు. పదునైన అంచు మీద రంగు వేస్తే ఆ తలతన్యత వల్ల ద్రవం అంచు నుంచి వెనక్కి జరుగుతుంది. కాబట్టి పొర అన్నిటికంటే పల్చగా ఉండేది అంచు మీదే, దెబ్బ తగిలేదీ అంచుకే. వార్నిష్ కూడా ద్రవమే కనుక అదీ అలాగే జారుకుంటుంది. నువ్వు మొత్తం మీద మూడు పూతలు వేసినా అంచు మీద నిలిచేది తక్కువే. ఓడలకు రంగు వేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఇనుప రేకుల అంచులకూ అతుకులకూ ముందుగా కుంచెతో విడిగా ఒక పూత వేసి, ఆ తర్వాతే మొత్తానికి వేస్తారు. లేకపోతే ఉప్పుగాలికి తుప్పు అంచుల దగ్గరే మొదలవుతుంది. నువ్వూ అదే పని చెయ్యి. మొత్తానికి ఒక పూత వార్నిష్ వేసి ఆరనివ్వు. తర్వాత సన్నని కుంచెతో మొన, అంచులు, చెవులు, ముక్కు, చేతిలో పట్టుకున్న ఆయుధం, వీటికి మాత్రమే ఇంకో పూత, అదీ ఆరాక మరొకటి.

ఈ పూతలన్నీ మెరుపు వార్నిష్‌తో వెయ్యి. మెరుపు నీకు ఇష్టం లేదని తెలుసు, నాకూ లేదు, ముఖాలు తడిసినట్టు కనిపిస్తాయి. కానీ మ్యాట్ వార్నిష్‌లో మెరుపు చంపడానికి సన్నని సిలికా పొడి కలుపుతారు. ఆ పొడి వల్ల పొర గరుకై, సామాన్యంగా రాపిడికి తక్కువ ఓర్చుకుంటుంది. అందుకే బలానికి కింద మెరుపు వార్నిష్, చూపుకు అన్నిటికంటే పైన ఒకే ఒక్క పల్చని మ్యాట్ పూత. మ్యాట్ సీసాను చాలాసేపు కుదిపాకే తెరువు, పొడి అడుగున పేరుకుని ఉంటుంది. ఎప్పుడైనా మ్యాట్ వేశాక బొమ్మ మీద తెల్లని మసక కమ్మితే కంగారుపడి గీకకు. దాని మీద మెరుపు వార్నిష్ ఒక పూత వేస్తే చాలాసార్లు తేటపడుతుంది.

బొమ్మను జరిపేటప్పుడు పీఠం పట్టుకోండి. వేళ్ల జిడ్డు ఏ వార్నిష్‌నూ వదిలిపెట్టదు. ఫోమ్ పెట్టెల్లో ప్రయాణమంతా బొమ్మ అంచులు ఫోమ్‌కు రాసుకుంటూనే ఉంటాయి. పీఠం కింద చిన్న అయస్కాంతం అతికించి, అడుగున ఇనుప రేకు పరిచిన డబ్బాలో నిలబెడితే బొమ్మ దేనికీ తగలదు. అయితే ఇంట్లో చిన్న చెల్లి ఉంది కదా అర్ణవ్. ఆ నియోడిమియం అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికి వస్తుంది. అతికించనివి ఒక్కటి కూడా బల్ల మీద వదలకు. కిటికీ దగ్గర పెట్టే బొమ్మలకు మెరిసే గులాబి, నిమ్మపచ్చ వంటి ఫ్లోరసెంట్ రంగులు వాడకండి, ఎండకు త్వరగా వెలిసిపోతాయి. ఇనుము నుంచి వచ్చే కావి, గోధుమ రంగులు ఏళ్ల తరబడి నిలుస్తాయి.

అర్ణవ్, మీ పక్కింటి పెద్దాయన ఇచ్చిన పాత సీసపు సైనికులను ఓక్ చెక్క అల్మరాలో పెట్టానని రాశావు. వాటిని వెంటనే తీసెయ్యి. ఓక్ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లని పొడిగా మారిపోతుంది. ఆ పొడి విషం, వేలితో తుడవకు. అమ్మకు చెప్పి తొడుగులతో ప్లాస్టిక్ డబ్బాలోకి మార్పించు.

సాహితీ, నీ డ్రాగన్‌ను ఇప్పుడే ముట్టుకోవద్దు. విరిగిన డాలు ఒకటి మిగిలిందన్నావు కదా, దాన్ని మళ్లీ శుభ్రం చేయించి, ప్రైమర్ వేసి, రెండు రోజులు ఆగి, బ్లేడుతో అడ్డంగా నిలువుగా సన్నని గీతలు గీయమని నాన్నను అడుగు. ఆ గీతల మీద టేపు గట్టిగా అదిమి ఒక్కసారిగా లాగండి. మా ప్రయోగశాలలోనూ పట్టు చూసే పద్ధతి ఇదే. టేపుకు ఏమంటుకుందో ఫొటో తీసి పంపు. అది చూశాక డ్రాగన్‌కు ఉన్న రంగంతా తీయాలా, లేచిన చోట సరిచేస్తే చాలా అనేది నీకు రాస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య