స్వరపేటిక తీసేయాలా, ఉంచాలా: 150 ఏళ్ల వాదన

గొంతు క్యాన్సర్‌కు ఆపరేషన్ అనగానే రోగికి, ఇంట్లోవాళ్లకు పట్టుకునే మొదటి టెన్షన్ మాట పోతుందేమోనని. ఈ సర్జరీలో తొలి పెద్ద అడుగు పడిందే స్వరపేటికను మొత్తంగా తీసేయడంతో కాబట్టి ఆ భయానికి కారణం ఉంది.

అసలు బతికున్న మనిషి స్వరపేటికను సరిగ్గా చూడటమే 19వ శతాబ్దం మధ్యదాకా కుదరలేదు. 1854లో మాన్యుయెల్ గార్సియా చిన్న అద్దాలతో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. ఆయన డాక్టర్ కాదు, సంగీతం నేర్పే గురువు. కణితి కంటికి కనబడటం మొదలయ్యాక కత్తి పట్టేవాళ్లూ వచ్చారు. 1873 డిసెంబర్ 31న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ క్యాన్సర్ సోకిన స్వరపేటికను పూర్తిగా తొలగించాడు. రోగి కోలుకున్నాడు. బిల్‌రోత్ శిష్యుడు గుస్సెన్‌బావర్ తయారుచేసిన కృత్రిమ స్వరపేటికతో మాట్లాడాడు కూడా. కానీ కొన్ని నెలలకే క్యాన్సర్ తిరగబెట్టి చనిపోయాడు.

తర్వాత ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామందిని బలితీసుకుంది క్యాన్సర్ కాదు, ఆపరేషనే. లాలాజలం, రక్తం ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వచ్చేది. జర్మన్ సర్జన్ థెమిస్టోక్లెస్ గ్లుక్ శ్వాసనాళాన్ని మెడ ముందు చర్మానికి కలిపి కుట్టి, గాలి దారినీ తిండి దారినీ శాశ్వతంగా విడదీశాడు. దీంతో మరణాలు తగ్గాయి. ఇప్పటికీ పద్ధతి అదే. అయితే ఊపిరి ఇక మెడ మీది రంధ్రం గుండానే, ముక్కుతో పనిలేదు.

ఈ చరిత్రలో అందరికంటే ప్రసిద్ధుడైన రోగి జర్మన్ యువరాజు ఫ్రెడరిక్. 1887లో జర్మన్ సర్జన్ ఎర్న్‌స్ట్ ఫాన్ బెర్గ్‌మన్ ఆపరేషన్‌కు సిద్ధమైతే, బ్రిటిష్ వైద్యుడు మోరెల్ మెకంజీ ముందు ముక్క పరీక్ష (బయాప్సీ) చేయాలన్నాడు. ముక్కలను పరీక్షించిన జర్మన్ పాథాలజిస్ట్ ఫిర్కోకు వాటిలో క్యాన్సర్ కనబడలేదు. ఆపరేషన్ ఆగింది, జబ్బు ఆగలేదు. 1888 మార్చిలో చక్రవర్తి అయ్యేనాటికి ఫ్రెడరిక్‌కు మాట లేదు, చెప్పదలచింది కాగితం మీద రాసేవాడు. 99 రోజులు ఏలి కన్నుమూశాడు. తప్పంతా మెకంజీదేనని అప్పట్లో తిట్టిపోశారు గానీ, నాటి ఆపరేషన్ మరణాలను చూస్తే ఆయన తటపటాయింపు మరీ తెలివితక్కువదేమీ కాదు. ఒక్కటి మాత్రం తేలింది: బయాప్సీలో ఏమీ లేదని వచ్చినా అనుమానం పోకపోతే మళ్లీ ముక్క తీయాల్సిందే.

20వ శతాబ్దం మొదట్లో కోత ఇంకా పెరిగింది. 1906లో అమెరికన్ సర్జన్ జార్జ్ క్రైల్ మెడలోని లింఫ్ గ్రంథులతో పాటు పెద్ద కండరాన్నీ, సిరనూ, భుజాన్ని ఎత్తే నరాన్నీ తీసేసే పద్ధతిని వివరించాడు. భుజం వాలిపోయేది. క్యాన్సర్ అంటని ఈ భాగాలను ఎందుకు కోయాలని అడిగి, వాటిని కాపాడే పద్ధతిని అర్జెంటీనా సర్జన్ ఓస్వాల్డో సువారెస్ 1960లలో చూపించాడు. 1970లలో లేజర్ వచ్చాక చిన్న కణితులను మెడ కోయకుండా నోటిగుండానే తీయడం మొదలైంది. 2009లో అమెరికా ఇలాంటి ఆపరేషన్లకు రోబోకు అనుమతి ఇచ్చింది. టాన్సిల్, నాలుక మొదలు దగ్గరి కణితులకు అది బాగా పనికొస్తోంది.

అసలు మలుపు 1991లో వచ్చింది. ముదిరిన స్వరపేటిక క్యాన్సర్ ఉన్న 332 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనంలో, ముందు కీమో, తర్వాత రేడియేషన్ ఇచ్చినవాళ్లూ, ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చినవాళ్లూ రెండేళ్లకు సమానంగానే బతికున్నారు. మొదటి గుంపులో మూడింట రెండొంతుల మందికి స్వరపేటిక మిగిలింది. ఈలోగా తీసేసినవాళ్లకూ దారి దొరికింది. 1980లో అమెరికా నిపుణులు బ్లోమ్, సింగర్ శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య అమర్చే చిన్న వాల్వ్‌ను పరిచయం చేశారు. మెడ రంధ్రాన్ని వేలితో మూసి ఊపిరి వదిలితే గాలి గొంతులోకి మళ్లి మాట పలుకుతుంది.

అలాగని పాత ఆపరేషన్ మూలపడలేదు. కణితి మృదులాస్థిని తొలుచుకుని బయటికొచ్చినా, మింగడం, ఊపిరి అప్పటికే బాగా దెబ్బతిన్నా మొత్తం తీసేయడమే మేలని సర్జన్లు చెబుతారు. పనిచేయని స్వరపేటికను పట్టుకుని వేలాడితే తిన్నది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. రేడియేషన్ తర్వాత క్యాన్సర్ తిరగబెట్టినా చాలామందికి ఈ ఆపరేషనే గతి. కాకపోతే అప్పుడు కుట్లు త్వరగా మానవు, గొంతులోంచి లాలాజలం మెడలోకి కారే ప్రమాదం ఎక్కువ. అందుకే ఛాతీ నుంచో తొడ నుంచో కండ తెచ్చి అక్కడ అతకాల్సి రావచ్చు.