కోడి దాణా తిన్న గూస్ పిల్ల కాళ్లు ఎందుకు వంకర పోతాయి?

గూస్ (పెద్దబాతు) పిల్లల్ని బ్రూడర్‌లో, అంటే బల్బుతో వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టి కోడిపిల్లల స్టార్టర్ దాణాయే వేస్తున్నామని, వెచ్చదనానికీ నీళ్లకూ లోటు లేకపోయినా కాళ్లు వంకర పోతున్నాయని ఒక పాఠకుడు రాశారు.

వెచ్చదనం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మొదటి వారం సుమారు 32 డిగ్రీల సెల్సియస్, ఆపైన వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ కన్నా పిల్లల్ని చూడటం మేలు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. నేల మీద న్యూస్‌పేపర్ పరవకండి, కాళ్లు జారి చెరో పక్కకీ చీలిపోతాయి.

మడమ కీలు ఉబ్బి, కాళ్లు విల్లులా వంగుతుంటే మాత్రం ముందుగా అనుమానించాల్సింది నియాసిన్, అంటే బి3 విటమిన్, లోపాన్ని. బళ్లో విటమిన్లంటే పట్టిక బట్టీ పట్టించి వదిలేస్తారు గానీ, అసలు మజా ఇక్కడుంది. ఈ విటమిన్‌ను శరీరం కొంత తానే తయారు చేసుకోగలదు. ప్రోటీన్‌లోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కైన్యురెనిన్‌గా మారి, మరికొన్ని మెట్లు దిగి, ఏసీఎంఎస్ అనే నిలకడలేని పదార్థం అవుతుంది. దాని జోలికి ఎవరూ పోకపోతే ఆ అణువు తనంతట తానే వలయంగా ముడుచుకుని క్వినోలినిక్ ఆమ్లం అవుతుంది. ఆహారం నుంచి శక్తి తీయడానికి కణానికి కావాల్సిన ఎన్ఏడీ అనే పదార్థం మామూలుగా నియాసిన్ నుంచి తయారవుతుంది, ఈ ఆమ్లం నుంచీ తయారవుతుంది. అలా ముడుచుకునేలోగా పికోలినిక్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఏసీఎంఎస్‌ను అందుకుందా, అది వేరే దారి పట్టి చాలావరకు ఇంధనంగా ఖర్చైపోతుంది.

పొలానికి పోయే కాలువకు గండి పడ్డట్టన్నమాట. కోడిలో ఈ గండి చిన్నది, బాతులో చాలా పెద్దది. పిల్లిలో ఎంత పెద్దదంటే, పొలానికి దాదాపు చుక్క చేరదు. అందుకే పిల్లి నియాసిన్‌ను మాంసం నుంచి రెడీమేడ్‌గా తెచ్చుకోవాలి. మనిషికి సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు 1 మిల్లీగ్రాము నియాసిన్ దక్కుతుంది.

మరి ప్రోటీన్ పెంచితే? ఎగువన ఎంత వదిలినా గండిలోకే పోతుంది. పైగా ప్రోటీన్ మితిమీరితే రెక్క చివర బయటికి తిరిగిపోయే ‘ఏంజెల్ వింగ్’ వచ్చే ప్రమాదముంది. దాణాలో మొక్కజొన్న ఉంది కదా అంటే, అందులోని నియాసిన్ చాలావరకు వేరే పదార్థాలతో బంధించి ఉంటుంది, పేగు దాన్ని విడదీసుకోలేదు.

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994 పట్టికలో కిలో దాణాకు బ్రాయిలర్ కోడిపిల్లకు 35 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటే, గూస్ పిల్లకు మొదటి నాలుగు వారాలు 65. దాదాపు రెట్టింపు!

కాబట్టి బాతుజాతి స్టార్టర్ దొరికితే అదే పెట్టండి. లేకపోతే దాణాలో నియాసిన్ ఉండే బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) కలపండి. నియాసిన్ నీళ్లలో కరుగుతుంది గనక తాగే నీళ్లలోనూ ఇవ్వొచ్చు, మోతాదు పశువైద్యుణ్ణి అడగండి. త్వరగా మొదలుపెడితే కాళ్లు కోలుకునే అవకాశం ఎక్కువ. ముదిరిన వంకర మాత్రం పూర్తిగా తిన్నగా కాకపోవచ్చు.