ఒకే కాడి కింద ముసలెద్దు, కోడె

బాయికాడి ఇల్లు, దేవరకొండ దగ్గర
శ్రావణ మాసం

చిన్నా, బుజ్జీ,

మొన్న ముసురు పట్టినప్పుడు మన సోలారు బ్యాటరీల గురించి ఫోనులో మీరడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "రాత్రి ఎనిమిదికే లైట్లు పోతుంటే ఇంకో కొత్త బ్యాటరీ తెచ్చి కలపొచ్చు కదా తాతా, పాతవన్నీ తీసేయడం దేనికి?" అన్నారు. రెండేండ్ల కింద నేనూ అట్లనే అనుకున్నాను, అట్లనే చేశాను. అందుకే ఈ ఉత్తరం.

నాకు పదేండ్లప్పుడు ఈ బాయికి మోట ఉండేది. తోలు బొక్కెనకు కట్టిన మోకును లాగుతూ రెండెద్దులు ఏటవాలు బాటలో దిగితే నీళ్లు పైకొచ్చి కాలువలో పడేవి. మా నాయిన ఎద్దులను తోలేవాడు, నేను మడులకు నీళ్లు మళ్లించేవాణ్ని. ఒక ఎండాకాలం జతలో ఒకటి చచ్చిపోయింది. రెండు కొనే శక్తి లేక నాయిన అంగడిలో ఒక్క కోడెనే కొని ముసలిదానికి జతకట్టాడు. కోడె ఉరికేది, ముసలిది రొప్పేది, కాడి ఓరకు పోయేది. నెల తిరిగేసరికి ముసలిదాని మెడ మీద పుండు పడింది. అంత బలమైన కోడె వచ్చినా నీళ్లు ముందుకంటే తక్కువే పారాయి. ఆ పుండుకు నేనే పసుపు, వేపనూనె రాసేవాణ్ని. రాస్తుంటే అది కదలకుండా నిలబడేది.

మన పాత బ్యాటరీలు కూడా జోడెద్దులే. ఒక్కొక్కటి 12 వోల్టులు, రెండూ ఒకే వరుసలో, ఒకే తీగ మీద. ఆ తీగే కాడి. ఒకదానిలో ఎంత కరెంటు పారితే రెండోదానిలోనూ అంతే పారాలి. నాలుగేండ్లు వాడినవాటిలో ఒకటి పాడైతే, కొత్తదొకటి పక్కన పెట్టించాను. ముసలిదానికి కడుపు చిన్నదైపోయింది కదా, తొందరగా నిండిపోయి లోపల నీళ్లు బుడబుడా వాయువులై పోయేవి. ఛార్జింగు పెట్టే యంత్రం రెండింటి మొత్తాన్నే చూస్తుంది. ముసలిదాని పొంగు చూసి "నిండింది" అనుకొని తగ్గించేది, కొత్తది సగం ఆకలితో ఉండిపోయేది. రాత్రి ముసలిది ముందు కూలబడితే ఇన్వర్టరు రెండింటినీ ఆపేసేది. అట్లా రెండేండ్లలో కొత్తది కూడా ముసలిదైంది.

వారం వారం బ్యాటరీ నీళ్లు పోసేవాణ్ని. బోరు నీళ్లు పోయకూడదు, అందులోని ఉప్పులు పలకలను తినేస్తాయి. మన నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడు ఎంతమంది ఎముకలు వంచిందో మీకు తెలుసు కదా.

ఇప్పుడు తెచ్చింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఇందులో 3.2 వోల్టుల సెల్లులు, అంటే ఎద్దులు, ఎనిమిది, ఒకే కాడికి. ఎనిమిదింటిని కడితే ఇంకా గొడవ కాదా అంటారేమో. ఇందులో ఒక చిన్న సర్క్యూటు ఉంది, ఒక్కొక్క ఎద్దు మీదా దానికి వేరే కన్ను. ఏది ముందు నిండినా, ఏది ముందు అలసినా వెంటనే ఆపుతుంది. మా నాయినకు అట్లాంటి పాలేరు దొరికి ఉంటే ఆ మెడ మీద పుండు పడేది కాదు. ఇన్వర్టరులో సెట్టింగు కూడా లిథియానికి మార్చించాను. అది మరిచిపోతే చేసినదంతా వృథా.

పాతవి రెండూ కలిపి కాగితం మీద 3.6 యూనిట్లు. సీసం బ్యాటరీని సగానికి మించి వాడితే తొందరగా చెడుతుంది, అంటే చేతికొచ్చేది 1.8. కొత్తది కాగితం మీద 2.56 యూనిట్లే, కానీ అందులో రెండు నిశ్చింతగా వాడుకోవచ్చు. పాతవాటిని ఒక్కొక్కదాన్ని ఇద్దరు మోయాల్సి వచ్చింది, దీన్ని మీ నాన్న ఒక్కడే ఎత్తి లోపల పెట్టాడు. లిథియం లోహాలన్నిటిలో తేలికైనది, నూనె మీద కూడా తేలుతుంది. సీసం దానికంటే ఇరవై రెట్లకు మించి బరువు. నేలలో ఇంత తేలిక లోహం దాగి ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పాతవాటిని అమ్మిన దుకాణానికే తిరిగి ఇచ్చాను. ఆసిడు పొలంలో పారబోస్తే ఆ నేలకు మనం ద్రోహం చేసినట్టే.

బ్యాటరీ కంటే ముందు ఫ్యాను మార్చాను, ఇది గుర్తుపెట్టుకోండి. పాత ఫ్యాను 75 వాట్లు, రాత్రి పది గంటలు తిరిగితే ముప్పావు యూనిటు. కొత్త బీఎల్‌డీసీ ఫ్యానుకు, అంటే బ్రష్‌లు లేని మోటారున్నదానికి, 30 వాట్లు చాలు. ఇప్పుడు ఇన్వర్టరు తినేది పోను, ముసురులో ఎండ మొహం చూడకపోయినా మూడు రాత్రులు గడుస్తాయి. దసరాకు వచ్చేలోపు మీ ఇంట్లో ఒక్కొక్క ఫ్యాను, బల్బు ఎన్ని వాట్లో, ఎన్ని గంటలు తిరుగుతుందో రాసుకొని రండి, ఇద్దరూ కూర్చొని కూడి చెప్పండి.

వచ్చాక ఒక పొద్దున తొందరగా లేవండి. గుట్ట వెనక ఎర్రబడుతుంటుంది, పొద్దు ఇంకా కనబడదు, కోళ్లు కూడా దిగి ఉండవు. అప్పుడు సోలారు కరెంటు ఎంత వస్తోందో చూపే గోడ మీది మీటరు ముందు నిలబడి సున్నా మీదే కన్ను పెట్టండి. పొద్దు గుట్ట దాటకముందే అది కదులుతుంది.

మీ తాత